మగవారి ఆపరేషను: వారం విశ్రాంతి, మూడు నెలల జాగ్రత్త



ఈ కాగితాన్ని భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుని చదవండి. ఇద్దరికీ చదువు రాకపోతే మీ ఊరి ఆశా కార్యకర్తనో, ఏ.ఎన్.ఎం. గారినో అడిగి చదివించుకోండి. బడికి వెళ్లే పిల్లవాడి చేత మాత్రం చదివించకండి. ఇందులో పెద్దవాళ్లు మాట్లాడుకోవలసిన సంగతులున్నాయి.

"మనకు ఉన్న పిల్లలు చాలు" అనుకున్నాక ఆపరేషను ఎవరు చేయించుకోవాలి? మన ఇళ్లలో ఈ ప్రశ్న ఎవరూ వేసుకోరు. ఆడమనిషే వెళ్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 38 మంది తామే ఆపరేషను చేయించుకున్నారు. తమకు బదులు భర్త చేయించుకున్నవారు వెయ్యికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషను చేయించుకున్న స్త్రీలు నూటికి 70 మంది దాకా ఉన్నారు. నెలలు మోసేదీ ఆమే, కనేదీ ఆమే, చివరికి పొట్ట మీద కోత పెట్టించుకునేదీ ఆమే. నిజానికి ఈ రెండు ఆపరేషన్లలో చిన్నది, తేలికైనది, ప్రమాదం తక్కువైనది మగవారికి చేసేదే.

మరి మగవారు ఎందుకు రారు? రచ్చబండ దగ్గర కూర్చుని అడిగితే రెండు మాటలు వినబడతాయి. ఒకటి, "సత్తువ పోతుందండీ" అని. రెండు, "ఫలానా ఆయన చేయించుకున్నాడు, అయినా ఆయన భార్యకు కడుపొచ్చింది" అని. మొదటి మాట శుద్ధ అబద్ధం. రెండో మాట మాత్రం ఒక్కోసారి నిజమే. దానికి కారణం తెలియక కొన్ని కాపురాలు కూలిపోయే దాకా వచ్చాయి. అందుకే ఆపరేషను సంగతి కొద్దిగా చెప్పి, ఆపరేషను తర్వాతి సంగతి ఎక్కువగా చెబుతాను.

ఆపరేషనులో ఏం చేస్తారు?

మగవాడి బీజాలలో రెండు పనులు జరుగుతాయి. వీర్యకణాలు తయారవుతాయి. మగతనాన్నిచ్చే హార్మోను తయారవుతుంది. ఈ రెండూ బయటికి పోయే దారులు వేరు వేరు. వీర్యకణాలు సన్నని నాళం గుండా పైకి వెళ్తాయి. ఇటొకటి, అటొకటి, రెండు నాళాలుంటాయి. హార్మోను అలా కాదు, అది నేరుగా రక్తంలో కలుస్తుంది. గడ్డం, మీసం, గొంతు, కోరిక, అంగం గట్టిపడటం అన్నీ ఆ రక్తంలోని హార్మోను మీద ఆధారపడినవే.

వేసెక్టమీ అనే ఈ ఆపరేషనులో ఆ రెండు నాళాలను మాత్రం తెంపి ముడి వేస్తారు. బీజాల జోలికి పోరు, రక్తనాళాల జోలికి పోరు. 1974లో చైనాలో లీ షున్‌చియాంగ్ అనే డాక్టరు కత్తితో కోయకుండా చేసే పద్ధతి కనిపెట్టారు. ఇప్పుడు మన దేశంలోనూ ఎక్కువగా అదే చేస్తున్నారు. "కోత లేని, కుట్టు లేని వేసెక్టమీ" అంటారు. మత్తుసూది చర్మానికే ఇస్తారు, మీకు తెలివి ఉంటుంది, డాక్టరుతో మాట్లాడుతూనే ఉంటారు. చర్మానికి చిన్న రంధ్రం చేసి నాళాన్ని బయటికి లాగి కట్టేస్తారు. పదిహేను ఇరవై నిమిషాల పని. కాసేపు పడుకోబెట్టి, అంతా బాగుందని చూసుకుని ఇంటికి పంపుతారు.

"అయితే ఇది కోడెను ఎద్దు చేసినట్టే కదా?" అని ఒక పెద్దాయన నన్ను నలుగురిలో అడిగాడు. అందరూ నవ్వారు గాని, అది అడగవలసిన ప్రశ్నే. చాలామంది మనసులో ఉన్నదే ఆయన పైకి అన్నాడు. కోడెను ఎద్దు చేసేటప్పుడు బీజాలకు వెళ్లే రక్తనాళాలను నలిపేస్తారు. రక్తం అందక బీజాలే ఎండిపోతాయి, హార్మోను ఆగిపోతుంది. అందుకే అది సాధువవుతుంది. వేసెక్టమీలో బీజాలు ఉన్నచోటే ఉండి, ఎప్పటిలాగే పనిచేస్తాయి. తయారైన వీర్యకణాలు బయటికి దారి లేక శరీరంలోనే కరిగి కలిసిపోతాయి.

వీర్యం పడటం కూడా ఆగదు. వీర్యంలో బీజాల నుంచి వచ్చే భాగం నూటికి అయిదు వంతులు కూడా మించదు. మిగిలినదంతా పైనున్న ఇతర గ్రంథుల నుంచి వస్తుంది. కనుక ఆపరేషను తర్వాత మీ కంటికి గాని, మీ భార్యకు గాని తేడా తెలియదు.

మొదటి వారం

వచ్చేటప్పుడు స్నానం చేసి, శుభ్రమైన బట్టలు కట్టుకుని, బిగుతుగా ఉండే లంగోటా ఒకటి వెంట తెచ్చుకోండి. తోడుగా ఒక మనిషిని తెచ్చుకోండి. షుగరు ఉన్నా, రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు ఉన్నా, వరిబీజం గాని బుడ్డ గాని ఉన్నా, ఏదైనా మందు పడకపోయినా డాక్టరుకు ముందే చెప్పాలి. మన కోస్తా ఊళ్లలో వరిబీజం ఉండి కూడా సిగ్గుపడి చెప్పనివారున్నారు. ఎలాగూ డాక్టరు చూసేదే కనుక ఆ సిగ్గు వల్ల లాభం లేదు.

ఇంటికి వెళ్లాక రెండు రోజులు పూర్తి విశ్రాంతి తీసుకోండి. రెండు రోజులంటే నలభై ఎనిమిది గంటలు. సాయంత్రం ఆపరేషను అయితే మర్నాడు ఒక్కరోజు పడుకుని రెండు రోజులైందనే లెక్క కుదరదు. లంగోటా రాత్రీ పగలూ కట్టుకునే ఉండాలి. బీజాలు వేలాడకుండా ఎత్తి పట్టి ఉంచితే వాపు, నొప్పి తక్కువగా ఉంటాయి. మొదటి రోజు ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి పావుగంట చొప్పున అప్పుడప్పుడు పెడితే ఉపశమనంగా ఉంటుంది. ఐసును నేరుగా చర్మానికి ఆనించకండి. నొప్పి ఉంటే ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలే వేసుకోండి. కిరాణా కొట్లో దొరికే ఏదో తలనొప్పి మాత్ర వేసుకోకండి. వాటిలో కొన్ని రక్తం కారడాన్ని ఎక్కువ చేస్తాయి.

మర్నాటి నుంచి స్నానం చేయవచ్చు గాని కట్టు తడవకూడదు. కట్టు తీశాక ఆ చోటును సబ్బుతో మెల్లగా కడిగి, పొడి గుడ్డతో అద్దుకుంటే చాలు. పసుపు, కాఫీపొడి, సున్నం, ఆకుపసరు ఏమీ పెట్టకండి. ముసలమ్మ ఎంత ప్రేమతో చెప్పినా సరే. చెరువు స్నానం, కాలువ స్నానం పుండు పూర్తిగా మానాకే.

రెండు రోజుల తర్వాత తేలికపాటి పనులు చేసుకోవచ్చు. కొట్లో కూర్చోవడం, బడిలో పాఠం చెప్పడం, గట్టు మీద నిలబడి నీరు పెట్టించడం వంటివి ఫరవాలేదు. బస్తాలు మోయడం, నాగలి పట్టడం, ట్రాక్టరు తోలడం, చెట్టెక్కడం, సైకిలు తొక్కడం మాత్రం వారం దాకా వద్దు. ఇక్కడే మనవాళ్లు పొరపాటు చేస్తారు. నొప్పి లేదు కదా అని మూడోరోజున ఎరువు బస్తా భుజానికెత్తుతారు. సాయంత్రానికి లోపల రక్తం కూడి వాపు వస్తుంది. తప్పంతా ఆపరేషను మీద వేస్తారు. అందుకే నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో ఆపరేషను పెట్టుకోవద్దని నేను చెబుతాను. ప్రభుత్వం ఏటా నవంబరు 21 నుంచి డిసెంబరు 4 వరకు వేసెక్టమీ పక్షోత్సవం జరుపుతుంది. మన డెల్టాలో సరిగ్గా అప్పుడే వరికోతలు! మిగతా రోజుల్లో ఎక్కడ, ఎప్పుడు చేస్తారో ఆశా కార్యకర్తను అడిగి, పని తక్కువున్న వారం చూసుకోండి.

ఆ చోట కొద్దిగా నలుపెక్కడం, కాస్త వాపు, లాగినట్టుండే నొప్పి సహజం. నాలుగైదు రోజుల్లో తగ్గిపోతాయి. శెనగగింజంత గట్టి ఉండ చేతికి తగిలితే భయపడకండి, ముడి వేసినచోట కొందరికి అలా ఏర్పడుతుంది. కాని జ్వరం వచ్చినా, రక్తం కారడం ఆగకపోయినా, చీము పట్టినా, వాపు గాని నొప్పి గాని తగ్గవలసింది పోయి రోజురోజుకూ పెరుగుతున్నా ఆ రోజే ఆసుపత్రికి రండి. తెల్లవారాక చూద్దామనుకోకండి. రెండు రోజుల తర్వాత ఆరోగ్య కార్యకర్త చూస్తారు. ఏడో రోజున మీరే కేంద్రానికి వచ్చి చూపించుకోవాలి.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నూటికి ఒకరిద్దరికి బీజాల దగ్గర నొప్పి నెలల తరబడి ఉండిపోవచ్చు. దానికి వైద్యం ఉంది. అలా ఉంటే మాలో మేమే బాధపడతామని ఊరుకోకండి.

మూడు నెలల సంగతి

పుండు మానిందంటే పని పూర్తయిందని కాదు. ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

కాలువ తూము మూసేశారనుకోండి. మూసిన క్షణంలోనే చివరి పొలానికి నీళ్లు ఆగిపోతాయా? తూముకు దిగువన కాలువలో నిలిచిన నీరంతా పారి ఖాళీ అయ్యేదాకా వస్తూనే ఉంటాయి. ఇదీ అంతే. ముడి వేసినచోటికి పైనున్న నాళంలో వీర్యకణాలు అప్పటికే నిలవ ఉంటాయి. కలిసినప్పుడల్లా అవి కొన్ని కొన్ని బయటికి వస్తాయి. అవి పూర్తిగా పోవడానికి మూడు నెలలు పడుతుంది. ఈ లోపల కలిస్తే గర్భం రావచ్చు. ఆడవారి ఆపరేషనుకు ఈ గడువు లేదు, మగవారి దానికే ఉంది. ఈ తేడా తెలియకనే చిక్కంతా.

నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. పేరూ ఊరూ చెప్పను. ముగ్గురు పిల్లల తర్వాత భార్య ఆరోగ్యం బాగాలేదని తానే వచ్చి చేయించుకున్నాడు. మంచి మనిషి. వాపు లేదు, నొప్పి లేదు. రెండు నెలలకు ఆయన భార్య నెల తప్పింది. "నాకు ఆపరేషను అయింది కదా, మరి ఇదెక్కడిది?" అన్నాడు. ఆ మాట అత్తగారి చెవిన పడింది, తర్వాత వీధిలో పడింది. ఆమెను పుట్టింటికి పంపేశారు. మూడు వారాలకు ఆమె అన్నగారు చెల్లెల్ని వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. అప్పుడు మేము భర్తను పిలిపించి వీర్యపరీక్ష చేయించాం. అందులో వీర్యకణాలు కదులుతూ కనిపించాయి.

"మూడు నెలలు నిరోధ్ వాడమని చెప్పలేదా?" అని అడిగాను. "పొట్లాలు ఇచ్చారండీ. ఆపరేషను అయిపోయాక ఇంకా ఇవెందుకని పిల్లలకు బుడగలు ఊదుకోమని ఇచ్చేశాను" అన్నాడు. కాగితం మీద అంతా రాసి ఉంది. ఆయనకు చదువు రాదు. చదివి, విడమర్చి చెప్పవలసినవాళ్లం మేము. ఆ రోజు క్యాంపులో జనం ఎక్కువగా ఉన్నారు, ఎవరు చెప్పారో, ఎవరు చెప్పలేదో! తప్పు మాదే. ఆయన ఆ సాయంత్రమే మామగారింటికి వెళ్లి భార్యను తెచ్చుకున్నాడు. ఆమె వచ్చింది. అప్పటి నుంచి నేను ఏ క్యాంపులోనూ భర్తకు ఒక్కడికే చెప్పి పంపడం లేదు. భార్యను కూడా పిలిచి, ఆమె నోటితో తిరిగి చెప్పించుకుంటాను.

కనుక ఆపరేషను అయిన వారం తర్వాత, నొప్పి లేకపోతే మీరు కలవవచ్చు. మొదట ఒకటి రెండు సార్లు వీర్యంలో కొద్దిగా రక్తపు చార కనిపించినా భయపడనక్కర లేదు. కాని మూడు నెలలపాటు ప్రతిసారీ నిరోధ్ వాడాలి. ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. నిరోధ్ ఇష్టం లేకపోతే భార్య మాత్రలు వాడవచ్చు. ఆమెకు ఏవి సరిపడతాయో ఏ.ఎన్.ఎం. గారిని అడగండి. ఒకవేళ నెల తప్పితే రెండు వారాల లోపల ఇద్దరూ కలిసి కేంద్రానికి రండి. ఇంట్లో పంచాయితీ పెట్టకండి. ఎవరి మీదా మాట తూలకముందే భర్తకు వీర్యపరీక్ష జరగాలి. చాలా అరుదుగా, తెగిన నాళం కొసలు తమంతట తామే కలిసిపోయి ఏళ్ల తర్వాత కూడా గర్భం రావచ్చు. అప్పుడూ ఇదే మాట, ముందు పరీక్ష.

పరీక్ష ఎలా?

మూడు నెలలు నిండాక కేంద్రంలో ఇచ్చిన శుభ్రమైన సీసాలోకి వీర్యాన్ని నేరుగా, చేతితో పట్టి తేవాలి. నిరోధ్‌లో తెస్తే పరీక్షకు పనికిరాదు, దానిలో రాసిన పదార్థం వల్ల ఫలితం తారుమారు కావచ్చు. పట్టిన గంటలోపు అందజేస్తే మంచిది. మీ ఊరు దూరమైతే ఆసుపత్రిలోనే గది అడగండి. ఇది చాలామందికి సిగ్గుగా ఉంటుంది, నాకు తెలుసు. ఆపరేషను బల్ల మీదికి ధైర్యంగా ఎక్కినవాళ్లే ఈ చిన్న సీసా చూసి వెనక్కి తగ్గుతారు.

వీర్యకణాలు లేవని తేలితే అప్పుడు ధ్రువపత్రం ఇస్తారు. ఆపరేషను రోజున ఇచ్చేది ధ్రువపత్రం కాదు. ఇంకా కణాలుంటే ఆపరేషను చెడిందని కంగారు పడకండి. నిరోధ్ కొనసాగిస్తూ నెలకోసారి పరీక్ష చేయించుకోండి. ఆరు నెలలకూ పోకపోతే అప్పుడు చెడినట్టు లెక్క, ఏం చేయాలో డాక్టరు చెబుతారు.

సత్తువ తగ్గిందనిపిస్తే

ఆపరేషను అయిన రెండు మూడేళ్లకు కొందరు వచ్చి, "అప్పటి నుంచీ లేవడం లేదండీ" అంటారు. ఆపరేషను నలభయ్యో ఏట అయితే, అప్పటికే షుగరు, రక్తపోటు, చుట్టలు, సారా తమ పని మొదలుపెట్టి ఉంటాయి. అంగానికి రక్తం తీసుకువెళ్లే సన్నని నాళాలను ఇవే దెబ్బతీస్తాయి. దిగులు, భయం కూడా కారణమవుతాయి. "పోతుంది, పోతుంది" అనుకుంటూ పడుకునేవాడికి ఎలా నిలుస్తుంది? ముందు షుగరు, బి.పి. చూపించుకోండి. మందులతో తగ్గేవాళ్లే ఎక్కువ. ఇది కొన్నిసార్లు గుండెజబ్బుకు ముందస్తు సూచన కూడా, అందుకని దాచుకోకూడదు.

లాడ్జి గదుల్లో కూర్చుని పొడులు అమ్మేవాళ్ల సంగతి మీకు తెలిసిందే. ఈ మధ్య పట్నాలలో కొత్తగా ఒక ఇంజెక్షను వచ్చింది. మన చేతి నుంచి రక్తం తీసి, యంత్రంలో గిరగిర తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే పసుపుపచ్చని భాగాన్ని వేరుచేసి అంగానికే సూదితో ఎక్కిస్తారు. మన రక్తమే కనుక హాని లేదని, మళ్లీ కుర్రతనం వస్తుందని చెబుతారు. అమెరికాలోని మూత్రవ్యాధి నిపుణుల సంఘం 2018లో దీన్ని ఇంకా ప్రయోగదశలోనిదిగానే చూడాలని చెప్పింది. ఆ తర్వాత జరిగిన పరీక్షలలో ఒకదానిలో మేలు కనిపించింది, ఇంకొకదానిలో ఉత్త నీళ్ల సూదికీ దీనికీ తేడా కనిపించలేదు. నన్నడిగితే, ఎకరం కుదువ పెట్టి చేయించుకోవలసిన వైద్యం కాదు.

ఇప్పటికే చేయించుకుని వచ్చినవారు దాచుకోకండి. సూది పొడిచినచోట కమిలినట్టుండటం, కొద్ది నొప్పి, వాపు కొన్ని రోజులుంటాయి. ఆ చోటును శుభ్రంగా, పొడిగా ఉంచండి, తగ్గేదాకా కలయిక ఆపండి. జ్వరం, చీము, పెరిగే వాపు, మూత్రం పోయడంలో ఇబ్బంది, గంటల తరబడి తగ్గకుండా గట్టిపడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి రావాలి. ఎక్కడ చేయించుకున్నావని ఇక్కడ ఎవరూ నిలదీయరు.

ఎవరికి, ఎప్పుడు?

పెళ్లయి, అరవై ఏళ్ల లోపు వయసుండి, కనీసం ఏడాది నిండిన బిడ్డ ఒకరైనా ఉన్నవారికి చేస్తారు. ఎంతమంది పిల్లలు కావాలన్నది మీ ఇద్దరి ఇష్టం. కాని ఇది శాశ్వతమైన పద్ధతి. నాళాలను తిరిగి కలిపే ఆపరేషను ఉన్నా అది పెద్దది, ఫలిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కనుక ఏ కాస్త సందేహం ఉన్నా నిరోధ్, కాపర్-టి, మాత్రలు వాడుకుంటూ ఆగండి. సుఖరోగాల నుంచి ఈ ఆపరేషను రక్షించదు, దానికి నిరోధే దిక్కు.

1975–77 ఎమర్జెన్సీ రోజుల్లో దేశంలో చాలాచోట్ల మగవారిని బలవంతాన తీసుకుపోయి ఆపరేషన్లు చేశారు. ఆ భయం మన పెద్దల మాటల్లో ఇంకా ఉంది, అది ఉత్తుత్తి భయం కాదు. ఇవాళ మీ అంగీకార పత్రం మీద మీ సంతకమో వేలిముద్రో లేకుండా ఎవరూ చేయకూడదు. సంతకం పెట్టాక కూడా, బల్ల మీద పడుకున్నాక కూడా "వద్దండీ" అని లేచి రావచ్చు. దానివల్ల మీకు రావలసిన వేరే ఏ వైద్యమూ ఆగదు.

చేయించుకుంటే మాత్రం, ఆపరేషను తేదీ నుంచి మూడు నెలలు లెక్కపెట్టి పరీక్ష తేదీని గోడ మీది కేలెండరులో గుర్తు పెట్టండి. గుర్తు పెట్టే పని భార్యకు అప్పజెప్పండి. పరీక్ష కాగితం వచ్చినరోజున ఆమెకు చూపించి, ధ్రువపత్రంతో కలిపి రేషను కార్డు ఉన్న పెట్టెలోనే దాచండి. అప్పటిదాకా నిరోధ్ పొట్లాలు పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.